పాలిషు కింద ఏమున్నదో చెప్పాలి

జుమా నమాజు ముగిశాక పాలకొల్లులో ఒక మసీదుకు దగ్గరలోని టీ బడ్డీ ముందు బెంచీ మీద నలుగురు కూర్చుంటారు. ఒకరు వడ్రంగి మేస్త్రీ, అరవై దాటిన మనిషి. ఒకరు తాపీ మేస్త్రీ. ఒకరు పాలిషు పనిచేసే భాయ్. నాలుగో అతను పాతికేళ్ళ కుర్రాడు, ప్లైవుడ్ అలమారాలు బిగిస్తాడు. తాపీ మేస్త్రీ, పాలిషు భాయ్ నమాజు చదివి వస్తారు. మిగిలిన ఇద్దరూ వారి కోసం ముందే వచ్చి కాచుకుని ఉంటారు. కొన్నేళ్ళుగా ఇది వారి అలవాటు.

దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య పుట్టిన ఊరిలో సినిమా కబుర్లు లేని టీ బడ్డీ ఉండడం విశేషమే. ఈ నలుగురూ మాట్లాడుకునేది ఒక్కటే. "ఈ వారం ఏం పని చేశావు?" ఎక్కడ ఏ తలుపు బాగుచేశారు, ఏ స్లాబు అతికారు, ఏ మంచానికి పాలిషు పెట్టారు, ఎక్కడ మోసపోయారు, ఎక్కడ నేర్చుకున్నారు - అన్నీ అక్కడ చెప్పుకుంటారు. పోయిన నెలలో ఒక శుక్రవారం వారి పక్కన కూర్చుని వినే అవకాశం నాకు కలిగింది. పేర్లు వేయవద్దని కోరారు. అందుచేత పనుల గురించి మాత్రమే రాస్తున్నాను.

గుమ్మానికి కొత్త కాలు

ముందుగా వడ్రంగి మేస్త్రీ గారు చెప్పారు. ఆచంట వైపు ఒక పల్లెలో పాత మండువా లోగిలి ఉంది. వీధి గుమ్మం నిలువు చెక్కలు రెండూ అడుగున జానెడు ఎత్తు వరకు కుళ్ళిపోయాయి. ఇది మన డెల్టాలో ప్రతి పాత ఇంటికీ వచ్చే జబ్బే. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి కాలువ నీళ్ళతో ఈ నేల సస్యశ్యామలమైంది గాని, అదే తేమ ఇంటి కొయ్యను కింద నుంచి తింటుంది. నల్లమట్టి నీటిని పట్టి ఉంచుతుంది. నేలలో దిగిన కొయ్య ఏడాది పొడుగునా తడిలోనే నిలబడుతుంది.

"మొత్తం పీకేసి సిమెంటు గుమ్మం పెట్టేద్దామన్నారండి ఇంటివారు. నేను సుత్తితో కొట్టి చూశానండి. జానెడు పైనుంచి ఖణేలుమంటోంది. వంద రూపాయల నోటు మూల చిరిగితే నోటు పారేస్తామా అండీ?" అన్నారు మేస్త్రీ గారు.

ఆయన చేసిన పని ఇది. కుళ్ళిన భాగాన్ని అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోశారు. అడ్డంగా కోస్తే అతుకుకు పట్టు తక్కువ. ఏటవాలుగా కోస్తే రెండు ముక్కలూ ఎక్కువ మేర ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. కొత్త టేకు తేకుండా, కూల్చిన ఇంటి నుంచి వచ్చిన పాత టేకు ముక్కనే వెదికి తెచ్చారు. పాత కొయ్య అప్పటికే ఆరి, ముడుచుకోవలసినంత ముడుచుకుని ఉంటుంది. పచ్చి కొయ్య అతికితే రెండు నెలల్లో సందు ఇస్తుంది. ఇనుప మేకులకు బదులు వెదురు చీలలు కొట్టారు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కొయ్యను కూడా పాడుచేస్తుంది. అడుగున తారు పూసి, మట్టిలో దించకుండా కడప రాయి మీద నిలబెట్టారు. రెండు రోజుల పని.

"అతుకు కనబడుతుందండి. దాచలేదు. దాచాల్సిన పని కూడా లేదు" అన్నారాయన. ఈ చివరి మాట ఆ క్షణాన నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత దాని విలువ తెలిసింది.

మేకులు లేని పని అనగానే నాకు మస్జిదె అఖ్సాలోని మిన్బరు గుర్తుకువచ్చి వారికి చెప్పాను. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ 1168 ప్రాంతంలో అలెప్పో నగరంలో ఆ మిన్బరును చేయించాడు. 1187లో జెరూసలేం స్వాధీనమైన తర్వాత సుల్తాన్ సలాహుద్దీన్ దాన్ని అక్కడికి తెప్పించాడు. దాదాపు ఎనిమిది శతాబ్దాలు నిలిచిన ఆ పనితనం 1969 ఆగస్టు 21న ఒక దుండగుడు పెట్టిన నిప్పుకు ఆహుతయింది. అలాంటిదే మళ్ళీ చేయడానికి జోర్డాన్‌లో పనివారు ఏళ్ళ తరబడి శ్రమించారు. వేల కొయ్య ముక్కలు మేకులు గాని, జిగురు గాని లేకుండా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ఆ కొత్త మిన్బరును 2007లో అక్కడ నిలబెట్టారు.

మేస్త్రీ గారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "జిగురు కూడా లేకుండానా అండీ! అయితే కొలతలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. లోపల తప్పు చేసి పైన కప్పే వీలు లేదన్నమాట" అన్నారు.

కొయ్య పని చిన్న పని అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మదీనాలో దైవప్రవక్త (స) నిలబడి ప్రసంగించిన మిన్బరును ఘాబా అడవి కలపతో చేసినది ఒక అన్సారీ మహిళ వద్ద పనిచేసే వడ్రంగి. మన ప్రాంతానికే వస్తే, 17వ శతాబ్దంలో పాలకొల్లులో డచ్చి వర్తకులు స్థావరం పెట్టుకున్న రోజుల్లో, పక్కనే ఉన్న నరసాపురం, మాధవాయిపాలెం రేవుల్లో సముద్రం మీద తిరిగే ఓడలు కట్టేవారు. 1670ల నాటి ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ ఇక్కడి కలపను, ఇనుమును, పనివారి నేర్పును మెచ్చుకుంటూ రాశాడు. ఆ చేతుల వారసులే ఈ బెంచీ మీద కూర్చున్నవారు.

స్లాబు లోపలి తుప్పు

రెండోవారు తాపీ మేస్త్రీ. టౌనులోనే ఒక ఇంట్లో పడకగది స్లాబు పెచ్చులు ఊడి మంచం మీద పడ్డాయట. అంతకు రెండేళ్ళ ముందే ఎవరో అదే చోట సిమెంటు పూసి సున్నం కొట్టి వెళ్ళారు. "పూసిన సిమెంటు పూసినట్టే ఊడి వచ్చింది భాయ్. లోపల చువ్వ తుప్పుపట్టి పొంగుతోంది. తుప్పుపట్టిన ఇనుము లావెక్కుతుంది, లావెక్కితే కాంక్రీటును నెట్టేస్తుంది. పైన ఎంత పూసినా ఏం లాభం?" అన్నారాయన.

ఆయన ముందు గదిలో పని మొదలుపెట్టలేదు. డాబా ఎక్కి నీరు ఎక్కడ నిలుస్తోందో చూసి, వాలు సరిచేసి, పగుళ్ళు మూశారు. ఆ తర్వాతే కిందికి దిగి, చువ్వ వెనుక భాగం కనబడేదాకా పాత కాంక్రీటు చెక్కారు. తీగ బ్రష్షుతో తుప్పు పూర్తిగా రుద్ది, తుప్పు నిరోధక మందు పూసి, ఉప్పు లేని ఏటి ఇసుకతో మాలు కలిపి పొరలు పొరలుగా నింపారు. తడి ఆరకుండా వారం రోజులు చూసుకోమని ఇంటివారికి చెప్పారు. ఒక మూల రెండు చువ్వలు మరీ సన్నబడిపోయి కనబడ్డాయి. "అది నా చేతిలోది కాదు, ఇంజనీరు గారిని పిలిచి చూపించుకోండి" అని చెప్పి, ఆ మూలను అలాగే వదిలి వచ్చారు. చేతగాని పని చేతగాదని చెప్పడం కూడా పనితనమే.

కుర్రాడిది వంటింటి పని. సింకు కింద అలమారా అడుగు పలక పొంగి పొరలు విడిపోయింది. కొత్త పలక బిగించమన్నారు. అతను పైపు కారుతున్నట్టు చూసి, ముందు ప్లంబరును పిలిపించాడు. నీరు తగిలే చోట మెరైన్ ప్లైవుడ్ వాడాలని, దానికి భారత ప్రమాణాల సంస్థ సంఖ్య ఐ.ఎస్. 710 అని, పలక మీద ఆ ముద్ర చూసి కొనమని ఇంటావిడకు చెప్పాడు. "రేటు వినగానే, ఇంకో అతను సగానికే చేస్తానన్నాడు అన్నారండి. చేస్తాడు గాని మళ్ళీ ఏడాదికి పొంగుతుందని చెప్పానండి. ఆలోచించుకుని చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు" అని నవ్వాడు.

ఆగిపోయిన పాలిషు

చివరగా పాలిషు భాయ్ వంతు వచ్చింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "నాది ఈ వారం సగం పనే. మధ్యలో వదిలేసి వచ్చాను" అన్నారు.

లక్క పాలిషు ఎంత ఓపిక పనో తెలియనివారి కోసం రెండు మాటలు. లక్క పురుగులు కొమ్మల మీద పేర్చే పదార్థం నుంచి తీసిన రేకులను స్పిరిటులో నానబెడతారు. కొయ్యను గరుకు కాగితంతో ముందు ముతకగా, తర్వాత సన్నగా, చార వెంబడే రుద్దుతారు. చారకు అడ్డంగా రుద్దితే గీతలు పడి, పాలిషు పెట్టాక మరింత బయటపడతాయి. చిల్లులూ, సందులూ లప్పంతో మూస్తారు. దూదిని మెత్తని గుడ్డలో చుట్టి, లక్కలో ముంచి, చేతిని ఎక్కడా ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ పొర మీద పొర ఎక్కిస్తారు. వానలు పట్టిన రోజున పాలిషు పెడితే గాలిలోని తేమకు పొర తెల్లబారుతుంది. అందుకే మంచి పనివాడు ఆకాశం చూసి పని మొదలుపెడతాడు.

ఈసారి ఆయన్ను పిలిచినది పాత సామాను కొని అమ్మే ఒక వ్యాపారి. పాత టేకు మంచం, బీరువా. ఒక పెళ్ళివారు అమ్మాయికి ఇవ్వడానికి బేరం చేసుకుని వెళ్ళారట. పాత రంగు గీకేసరికి బీరువా వెనుక పలక, మంచం రెండు కాళ్ళు పుచ్చి ఉన్నట్టు తేలింది. సూది మొన అంత చిల్లులు. వేలితో తడితే సన్నని పిండి రాలుతోంది. పిండి రాలుతోందంటే పురుగు లోపల బతికే ఉందన్నమాట. వ్యాపారి మాత్రం "లప్పం పెట్టి, రంగు కలిపి, పాలిషు కొట్టెయ్యి భాయ్, బర్మా టేకులా మెరవాలి" అన్నాడు.

"చిల్లులు మూస్తాను గాని, ముందు మందు కొట్టాలి, ఆ రెండు కాళ్ళు మార్పించాలి. లేదంటే పెళ్ళివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి అన్నాను. నీకు పాలిషుకు డబ్బిస్తున్నానా, సలహాకు ఇస్తున్నానా అన్నాడు. అప్పటికి నాలుగు రోజులు పనిచేశాను. సామాను సర్దుకుని వచ్చేశాను. ఆ నాలుగు రోజుల కూలీ ఇవ్వలేదు."

బెంచీ మీద కాసేపు వాదన నడిచింది. తాపీ మేస్త్రీ ఒప్పుకోలేదు. "మనకెందుకు భాయ్? అమ్మేది అతను, కొనేది వాళ్ళు. నీ పని పాలిషు పెట్టడం. ఇప్పుడు ఇంకొకడు వచ్చి పెట్టేస్తాడు, డబ్బు వాడికి పోతుంది. నీ పిల్లదాని ఫీజు ఎవరు కడతారు?" అన్నారు. కుర్రాడు కూడా "అందరూ చేసేదే కదా భాయ్" అన్నాడు.

పాలిషు భాయ్ వారితో వాదించలేదు. "ఇంకొకడు పెడతాడనే అనుకుంటున్నాను. ఫీజు సంగతి కూడా నిజమే. కాని ఆ పెళ్ళివారు నన్ను చూశారు. నేను గీకుతుంటే వచ్చి, ఇదేనా బీరువా అని అడిగి వెళ్ళారు. నేను పాలిషు పెడితే నేను కూడా మాట ఇచ్చినట్టే కదా" అన్నారు.

తడిసిన బియ్యం

అప్పటిదాకా మాట్లాడని వడ్రంగి మేస్త్రీ గారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెప్పినది ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఒక వితంతువు ఇంటికి పెరటి తలుపు బాగుచేయడానికి వెళ్ళారు. తలుపు పలక నిలువునా పగిలి ఉంది. పలక మార్చాలి. ఆవిడ దగ్గర అంత డబ్బు లేదని, అడిగితే పని పోతుందని, రంపపు పొట్టు జిగురులో కలిపి పగులు పూడ్చి పైన రంగు వేశారు. చూడడానికి కొత్త తలుపులా ఉంది. ఆవిడ సంతోషించి మజ్జిగ కూడా ఇచ్చింది.

"రెండేళ్ళు పోయాక ఒక తుపాను రాత్రి గాలికి ఆ పలక విడిపోయిందండి. వాన ఇంట్లోకి కొట్టి, తలుపు పక్కన పెట్టుకున్న బియ్యం బస్తా తడిసిపోయింది. కబురు పెడితే వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదండి. 'ముందే చెప్పి ఉంటే బియ్యం అక్కడ పెట్టుకునేదాన్ని కాదు కదా నాయనా' అంది. అంతేనండి. కొత్త పలక ఊరికే వేసి వచ్చాను. కాని ఆ మాట మాత్రం ఇప్పటికీ పోలేదు."

ఎవరూ మాట్లాడలేదు. తాపీ మేస్త్రీ తల దించుకుని గ్లాసు వైపు చూస్తున్నారు.

పాఠకులకు ఇక్కడ ఒక సంఘటన స్ఫురించే ఉంటుంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశి దగ్గర ఆగి చెయ్యి లోపలికి పెట్టారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు ఆ తడి భాగాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. మోసం చేసేవాడు తనవాడు కాడని కఠినంగా హెచ్చరించారు.

ఆయన (స) అడిగినది తడి ఎందుకు అయిందని కాదు. వాన ఎవరి చేతిలోనూ లేదు. తడి ధాన్యం అమ్మవద్దని కూడా అనలేదు. దాన్ని దాచవద్దన్నారు. వరి పండించే మన గోదావరి జిల్లాలవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. కోతల వేళ వాన పడితే కల్లంలో తడిసిన ధాన్యానికి కూడా ఒక ధర ఉంటుంది. దాచి అమ్మితేనే పాపం. పుచ్చిన బీరువాకు కూడా ఒక ధర ఉంటుంది. ఆ ధర చెప్పి అమ్మితే ఎవరికీ అన్యాయం జరగదు. ఇంటి పనివాడు ఒక విధంగా వర్తకుని కంటే పెద్ద అమానతు మోస్తున్నాడు. ఎందుకంటే గోడ లోపల, రంగు కింద, స్లాబు మధ్యన ఏముందో చూసేది అతనొక్కడే. అతను మూసేసిన తర్వాత మరి ఎవరికీ కనబడదు.

తప్పు ఒకవైపే లేదు

ఐతే పనివారికే నీతులు చెప్పి ముగిస్తే అది కూడా అన్యాయమే. ఇంటివారు ఏం చేస్తున్నారు? నలుగురు మేస్త్రీలను పిలిచి అందరికంటే తక్కువ అడిగినవాడికి పని ఇస్తారు. లోపం చెప్పిన మనిషిని "పని పెంచుకోవడానికి చెబుతున్నాడు" అని అనుమానిస్తారు. పని అయ్యాక డబ్బు కోసం పదిసార్లు తిప్పుతారు. కూలీ చెల్లించడంలో జాప్యం చేయవద్దని ప్రవక్త (స) ఎంత గట్టిగా చెప్పారో జుమా ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. నిజం చెప్పినవాడి కూలీ ఎగ్గొడితే, రేపు అతనికి నిజం చెప్పే ధైర్యం ఎక్కడిది?

ప్రభుత్వాలు కూడా చేతిపనివారిని కొంత తలచుకుంటున్నాయి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులను చేర్చారు. వడ్రంగులు, తాపీ పనివారు, పడవలు చేసేవారు అందులో ఉన్నారు. పనిముట్లకు 15 వేల రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత 2 లక్షల రుణం అందులోని ముఖ్యాంశాలు. కాని ఆ 18లో పాలిషు, రంగుల పనివారి పేరు లేదు. ఈ విషయం చెప్పినప్పుడు పాలిషు భాయ్ "మా పని పైపైది అనుకున్నారేమో" అని నవ్వేశారు.

ఇల్లు బాగుచేయించుకునే పాఠకుల కోసం ఆ నలుగురూ కలిసి చెప్పిన మాటలు కొన్ని రాస్తున్నాను. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించవద్దు. కొయ్య తేమకు పొంగి ఉంటుంది. అప్పుడు తీసేస్తే ఎండాకాలంలో సందు పడుతుంది. గోడ వెంట మట్టి బాటలు కనబడితే అవి చెదలు, నేల నుంచి వస్తాయి. చిల్లులు పడి పిండి రాలితే అది పుచ్చు, కొయ్య లోపలే ఉంటుంది. రెండింటికీ వైద్యం వేరు. పాత ఇళ్ళ తలుపుల రంగు పొడిగా గీకవద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇంట్లో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. తడిపి రుద్దించాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. అవిసె నూనెతో తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట మళ్ళీ పాలిషు భాయ్‌దే. వ్యాపారి దగ్గర పని వదిలి వచ్చిన మర్నాడు ఆయన వేరే ఇంట్లో ఒక పాత ఉయ్యాల బల్ల పని ఒప్పుకున్నారు. రంగు అంతా గీకి, కొయ్యను శుభ్రం చేసి, లప్పం డబ్బా మూత తీయక ముందే ఇంటి పెద్దాయనను పిలిచారు. "చూడండి బాబుగారూ, ఇక్కడ ఒక పగులుంది, ఇక్కడ ఒక ముడి ఉంది. ఇప్పుడు మూస్తాను. మూశాక మీకు కనబడదు" అని వేలు పెట్టి చూపించారు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "సరే, కానీయి" అన్నారు. దానికి పట్టినది రెండు నిమిషాలు.

"ఇక నుంచి ప్రతి పనికీ అలాగే చేద్దామనుకుంటున్నాను" అన్నారు భాయ్. పోయిన నాలుగు రోజుల కూలీ పోయినట్టే. ఆ బీరువా మీద ఇంకెవరైనా పాలిషు పెట్టారో లేదో ఆయనకు తెలియదు. తాపీ మేస్త్రీ లేచి, నాలుగు టీలకూ తానే డబ్బులిచ్చి, "నాకూ ఒక చోట పూసి వచ్చిన గోడ ఉంది. సాయంత్రం వెళ్ళి చెప్పి వస్తాను" అని సైకిలు ఎక్కారు.

పాఠకులారా! మీ ఇంటికి పనివాడు వచ్చి, రంగు వేసే ముందు ఒకసారి వచ్చి చూడమని పిలిస్తే విసుక్కోకండి. చేతిలో పని పక్కన పెట్టి వెళ్ళి చూడండి. అతను చెప్పిన లోపాన్ని వినండి. అతని కూలీ ఆ రోజే అతని చేతిలో పెట్టండి.